పెన్నా ఎండే తీరును ఉపగ్రహ చిత్రాల్లో గమనించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జనవరి దాటగానే పెన్నాలో నీరు ఎక్కడెక్కడ తగ్గుతున్నదో ఉపగ్రహ చిత్రాల్లో చూసి నమోదు చేయాలనుకునే విద్యార్థులు, విలేకరులు, రైతు సంఘాల వారు ఇంచుమించు ఒకే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాయడం మాని, వాటన్నింటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. పని సాగే దశలను బట్టి ప్రశ్నలను వరుసలో పెట్టినా, కావలసిన ప్రశ్న ఒక్కటే చదివి వదిలేయవచ్చు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలిసే పెన్నానే ఉదాహరణగా తీసుకున్నాను. ఇదే పద్ధతి చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు, స్వర్ణముఖి వంటి ఇసుక నదులకూ పనికివస్తుంది. అంకెలను మాత్రం ఏ నదికి ఆ నదికి సరిచూసుకోవాలి.

## మొదలుపెట్టే ముందు

వంతెన మీద నిలబడితే నది ఎండిందో లేదో కనబడుతుంది కదా, దీనికి ఉపగ్రహం ఎందుకు?

వంతెన దగ్గర కనబడేది అర కిలోమీటరు నది. సిద్ధవటం వంతెన కింద ఇసుక తేలిన రోజున చెన్నూరు దగ్గర పాయ ఇంకా పారుతూ ఉండవచ్చు, అటుపైన మరో పది కిలోమీటర్ల మేర మడుగులు మిగిలి ఉండవచ్చు. నది అంతా ఒక్కరోజులో ఎండదు. ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి ఎగువ నుంచి దిగువకు, ఒక్కోసారి మధ్యలో తెగి రెండు వైపులకూ ఎండుతుంది. ఆ క్రమాన్ని ఒకే చూపులో, ఐదు రోజులకొకసారి, పాత సంవత్సరాలతో పోల్చుకునేలా చూపగలగడమే ఉపగ్రహం వల్ల కలిగే మేలు. ఒక్కచోట నీటిమట్టం ఎంత ఉన్నదన్నదే మీ ప్రశ్న అయితే ఉపగ్రహం అక్కరలేదు, గట్టున పాతిన కొలబద్ద చాలు.

“ఎండిపోయింది” అని దేన్ని అనాలి?

ఈ మాటకు అర్థం ముందే రాసిపెట్టుకోకపోతే పని మొత్తం తరువాత వాదనలో పడుతుంది. కనీసం మూడు స్థితులను వేరు చేయాలి. పాయ తెగకుండా పారుతున్న స్థితి మొదటిది. పారుదల ఆగి మడుగులు మాత్రమే మిగిలిన స్థితి రెండవది. ఇసుక మీద ఎక్కడా నీరు కనబడని స్థితి మూడవది. నీరు కదులుతున్నదో నిలిచి ఉన్నదో మామూలు ఉపగ్రహ చిత్రం చెప్పలేదు కనుక, మొదటి రెండింటినీ వేరు చేయడానికి నీటి పట్టీ ఆ భాగం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు తెగకుండా ఉన్నదా లేదా అన్నదే మనకు దొరికే ఆధారం. మీ పటం మీద “ఎండింది” అని రాసేటప్పుడు దాన్ని “ఈ తేదీన, ఈ పిక్సెల్ పరిమాణంలో, ఉపరితలంపై నీరు గుర్తించబడలేదు” అని చదువుకోవాలి (పిక్సెల్ అంటే చిత్రంలోని అతి చిన్న గడి). అంతకు మించి అందులో ఏమీ లేదు.

నది మొత్తాన్ని తీసుకోవాలా, ఒక ముక్క సరిపోతుందా?

మొదటిసారి చేసేవారు ఇరవై, ముప్పై కిలోమీటర్ల భాగం ఒకటి తీసుకుంటే మంచిది. ఒకే రకంగా నడిచే భాగాన్ని ఎంచుకోవడం ముఖ్యం. పెన్నాలో తాడిపత్రి పరిసరాలు ఒక తీరు, గండికోట లోయ, దాని దిగువన ఉన్న మైలవరం జలాశయం మరో తీరు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు, చెన్నూరు మీదుగా సిద్ధవటం వరకు వెడల్పైన ఇసుక నది. సోమశిల దిగువ నుంచి నెల్లూరు వరకు నీరు వదలడం, ఆపడం మీద ఆధారపడిన నది. వీటన్నింటినీ కలిపి ఒక్క అంకెగా చెబితే జలాశయాల్లోని నీరు ఎండిన ఇసుకను కప్పేస్తుంది. జలాశయాల విస్తీర్ణాన్ని తప్పనిసరిగా విడదీయండి. సముద్రానికి దగ్గరలో ఆటుపోట్ల నీరు నిలిచే చివరి భాగాన్ని కూడా లెక్కలోకి తేవద్దు, అక్కడ మండువేసవిలోనూ నీరే కనబడుతుంది.

నాకు ప్రోగ్రామింగ్ రాదు. అయినా చేయగలనా?

చేయవచ్చు. ఐరోపా ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా చూపే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో తేదీ ఎంచుకొని, నీటి సూచీని, అంటే నీరున్న చోటును వేరుచేసి చూపే అంకెను, తెర మీదే చూడవచ్చు. చిత్రాన్ని దించుకుంటే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెక్కించవచ్చు. పదేళ్ల చిత్రాలన్నీ ఒకేసారి చూడవలసి వచ్చినప్పుడు మాత్రం గూగుల్ ఎర్త్ ఇంజిన్ వంటి చోట కొన్ని వరుసల కోడ్ రాయక తప్పదు. కోడ్ రాని వారు ఒక ఎండాకాలం పాటు నెలకు రెండు చిత్రాలను చేత్తో గుర్తిస్తే వచ్చే అవగాహన, ఎవరో రాసిన కోడ్ నడిపితే రాదని నా అభిప్రాయం.

## చిత్రాలు తెచ్చుకునేటప్పుడు

ఏ ఉపగ్రహం చిత్రాలు వాడాలి?

ఇప్పటి స్థితి కావాలంటే ఐరోపా వారి సెంటినెల్-2. ఉపగ్రహ కెమెరా వెలుగును రంగుల వారీగా బ్యాండ్లుగా విడదీసి పట్టుకుంటుంది, పరారుణం కంటికి కనబడని వెలుగు. ఇందులో కంటికి కనిపించే రంగుల బ్యాండ్లు, సమీప పరారుణ బ్యాండు 10 మీటర్ల పిక్సెల్‌తో, షార్ట్‌వేవ్ పరారుణ బ్యాండ్లు 20 మీటర్ల పిక్సెల్‌తో వస్తాయి. రెండు ఉపగ్రహాలు కలిసి ఒకే చోటును ఐదు రోజులకొకసారి చూస్తాయి. మొదటిది 2015 జూన్‌లో, రెండవది 2017 మార్చిలో ఎగిరాయి కనుక దట్టమైన వరుస 2017 తరువాతే దొరుకుతుంది. అంతకు ముందు కాలానికి అమెరికా వారి ల్యాండ్‌శాట్ వాడాలి. 1984 నుంచి 30 మీటర్ల చిత్రాలున్నాయి, ఒక్కో ఉపగ్రహం 16 రోజులకొకసారి వస్తుంది. ఇప్పుడు ల్యాండ్‌శాట్-8, 9 రెండూ తిరుగుతున్నందున ఎనిమిది రోజులకొక చిత్రం దొరుకుతుంది.

ఈ పరిమాణాలను మన కొలతల్లో చెప్పుకుంటే తేలికగా బోధపడుతుంది. 10 మీటర్ల పిక్సెల్ అంటే దాదాపు రెండున్నర సెంట్ల నేల. 30 మీటర్ల పిక్సెల్ అంటే 22 సెంట్లు. మార్చిలో పెన్నాలో మిగిలే పాయ చాలాచోట్ల నాలుగైదు మీటర్ల వెడల్పు ఉంటుంది. 22 సెంట్ల చెక్కలో ఆ పాయ ఎంత భాగమో ఊహించుకోండి.

మన ఇస్రో ఉపగ్రహాలు ఉండగా బయటివి ఎందుకు?

వాడకూడదని ఎవరూ అనలేదు. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా 23.5 మీటర్ల చిత్రాన్ని, లిస్-4 కెమెరా 5.8 మీటర్ల చిత్రాన్ని ఇస్తాయి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం వారి భూనిధి పోర్టల్‌లో ఖాతా తెరిచి వీటిని వెతుక్కోవచ్చు. లిస్-4 పిక్సెల్ ఒక సెంటు కన్నా చిన్నది కనుక సన్నని పాయలను పట్టుకోవడంలో దానికి సాటి తక్కువ. అయితే అందులో షార్ట్‌వేవ్ పరారుణ బ్యాండు లేదు, లిస్-3 అదే చోటికి తిరిగి రావడానికి 24 రోజులు పడుతుంది. వారం వారం మారే నదికి ఆ వ్యవధి ఎక్కువ. నేనైతే వరుస కోసం సెంటినెల్-2నూ, సరిచూసుకోవడానికి లిస్-4నూ వాడతాను.

గూగుల్ ఎర్త్‌లో కనిపించే చిత్రం చాలదా?

ఆ చిత్రం వేరువేరు తేదీల ముక్కలను అతికి చేసినది. ఒకే నదిలో కొంత భాగం డిసెంబరుది, దాని పక్క భాగం ఏప్రిల్‌ది కావచ్చు. ఇసుక మేటలు, గట్లు, వంతెనలు గుర్తుపట్టడానికి అది చక్కగా పనికివస్తుంది. ఎండిన తేదీ చెప్పడానికి పనికిరాదు.

ఎల్1సీ, ఎల్2ఏ అని రెండు ఉన్నాయి. ఏది దించుకోవాలి?

ఒకే సెంటినెల్-2 చిత్రం ఈ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఎల్2ఏ దించుకోండి. వాతావరణంలోని తేమ, ధూళి వల్ల కలిగే ప్రభావాన్ని తీసివేసి, నేల నుంచి ఎంత వెలుగు తిరిగి వచ్చిందో చెప్పేది అది. దానితోపాటు మబ్బు, మబ్బు నీడ, నీరు అని పిక్సెళ్లను విడదీసిన ఒక పొర కూడా వస్తుంది. ఆ పొరలోని “నీరు” వర్గాన్ని మాత్రం యథాతథంగా నమ్మవద్దు, ఇసుక నదిలోని సన్నని పాయలను అది వదిలేస్తుంది.

వానాకాలంలో అన్నీ మబ్బులే. ఏం చేయాలి?

ఎండే కాలాన్ని గమనించేవారికి ఇది పెద్ద అడ్డంకి కాదు. జనవరి నుంచి మే వరకు ఆకాశం చాలా వరకు నిర్మలంగానే ఉంటుంది. చిక్కంతా నది నిండే కాలంతోనే. పెన్నా ఎగువన నైరుతి వానలు, నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవన వానలు కురుస్తాయి. ఆ నెలల్లో మొత్తం చిత్రంలో మబ్బు ఎంత శాతమో చూసి చిత్రాన్ని పారేయకండి. వంద కిలోమీటర్ల చిత్రంలో 60 శాతం మబ్బున్నా, మీకు కావలసిన ఇరవై కిలోమీటర్ల నది మీద ఆకాశం తెరిపిగా ఉండవచ్చు. మబ్బు శాతాన్ని నది హద్దు లోపలే లెక్కించాలి. మబ్బు కప్పిన పిక్సెల్‌ను “తెలియదు” అని రాయాలే తప్ప “ఎండినది” అని రాయకూడదు. మబ్బు నీడ నల్లగా ఉండి నీరులా కనబడుతుంది, దాన్ని కూడా “తెలియదు” లోకే తోయాలి.

తాడిపత్రి దగ్గర రెండు చిత్రాలు ఒకదానితో ఒకటి అతకడం లేదు. ఎందుకు?

అక్కడ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం పోతుంది. పటాల కోసం భూమిని నిలువు పట్టీలుగా విడదీసే యూటీఎం పద్ధతిలో, దానికి పడమర ఉన్న నేల 43వ మండలంలోకి, తూర్పున ఉన్నది 44వ మండలంలోకి వస్తుంది. అనంతపురం వైపు చిత్రాలు ఒక మండలంలో, కడప, నెల్లూరు చిత్రాలు మరో మండలంలో ఉంటాయి. అన్నింటినీ 44లోకి మార్చి, పిక్సెల్ పరిమాణం ఒకటే ఉంచి, ఆ తరువాతే కలపండి. రెండు చిత్రాలు పరస్పరం కప్పుకునే చోట ఒకే నీటిని రెండుసార్లు లెక్కించకుండా చూసుకోవాలి.

## నీటిని గుర్తించేటప్పుడు

ఎన్‌డీడబ్ల్యూఐ, ఎంఎన్‌డీడబ్ల్యూఐ అంటే ఏమిటి? రెండింటిలో ఏది?

నీరు సమీప పరారుణ వెలుగును దాదాపు మింగేస్తుంది, ఆకుపచ్చ వెలుగును కొంత వెనక్కి పంపుతుంది. ఈ తేడాను పట్టుకోవడానికి ఆకుపచ్చ బ్యాండు నుంచి సమీప పరారుణ బ్యాండును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేది ఎన్‌డీడబ్ల్యూఐ. 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూచీ ఇది. సమీప పరారుణానికి బదులు షార్ట్‌వేవ్ పరారుణం పెడితే ఎంఎన్‌డీడబ్ల్యూఐ అవుతుంది, దాన్ని 2006లో షు సూచించారు.

పెన్నాలో ఈ ఎంపిక అంత తేలిక కాదు. తేటనీరు జానెడు లోతున తెల్లటి ఇసుక మీద పారుతున్నప్పుడు అడుగున ఉన్న ఇసుక మెరుపు సమీప పరారుణంలో కొంత పైకి తేలి, ఎన్‌డీడబ్ల్యూఐ తగ్గుతుంది. షార్ట్‌వేవ్ పరారుణాన్ని పలుచని నీటి పొర కూడా మింగేస్తుంది కనుక అక్కడ ఎంఎన్‌డీడబ్ల్యూఐ నయం. కానీ అదే కారణం వల్ల, నీరు ఇంకిపోయి తడి మాత్రమే మిగిలిన ఇసుక కూడా నీరుగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. పైగా ఆ బ్యాండు పిక్సెల్ 20 మీటర్లు. రెండూ లెక్కించి, రెండూ ఒప్పుకున్న చోటును “నీరు” అని, ఒకటే ఒప్పుకున్న చోటును “అనుమానం” అని విడిగా ఉంచడం నా అలవాటు. అనుమానపు పిక్సెళ్లు ఎక్కువగా కనబడే పక్షం రోజులే సాధారణంగా నది తెగే రోజులు.

కంటికి పాయ స్పష్టంగా కనబడుతున్నా సూచీ “ఎండు” అంటోంది. నా లెక్క తప్పా?

లెక్క తప్పు కాకపోవచ్చు. ఒక్క పిక్సెల్‌ను దగ్గరగా చూద్దాం. నీటి నుంచి ఆకుపచ్చలో 0.08, సమీప పరారుణంలో 0.04 భాగం వెలుగు తిరిగి వస్తున్నదని అనుకుంటే ఎన్‌డీడబ్ల్యూఐ 0.33. ఎండిన ఇసుకకు ఆ విలువలు 0.20, 0.32 అనుకుంటే సూచీ మైనస్ 0.23. ఇప్పుడు ఒకే పిక్సెల్‌లో 30 శాతం నీరు, 70 శాతం ఇసుక ఉన్నాయి. సూచీ 0.33కూ మైనస్ 0.23కూ నడుమ, మూడో వంతు దూరంలో ఎక్కడో ఉంటుందని మనం ఆశిస్తాం. వెలుగును కలిపి లెక్కిస్తే ఆకుపచ్చ 0.164, సమీప పరారుణం 0.236, సూచీ మైనస్ 0.18. దాదాపు ఎండిన ఇసుకే! సగం నీరున్నా మైనస్ 0.125 దగ్గరే ఆగుతుంది. ఈ అంకెలతో సూచీ సున్నాకు చేరాలంటే పిక్సెల్‌లో ముప్పావు వంతు నీరుండాలి. ఇసుక వెలుగు నీటి వెలుగు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, కలిసి ఉన్నచోట ఇసుక మాటే చెల్లుతుంది.

అందువల్ల పాయ సన్నబడే కాలంలో మీ పటం నదిని నిజానికి కొన్ని వారాల ముందే ఎండబెట్టేస్తుంది. ఆ కాలానికి నీటి విస్తీర్ణం కన్నా, కంటితో చూసి గీసిన పాయ పొడవు నమ్మదగిన కొలత.

సూచీ ఎంత దాటితే నీరు అనే హద్దును సున్నా పెట్టమన్నారు. అదే పెట్టాలా?

సున్నా మొదలుపెట్టడానికి తప్ప నిలబెట్టడానికి కాదు. మీ భాగంలో నీరని ఖాయంగా తెలిసిన ఇరవై పిక్సెళ్లు, ఇసుకని తెలిసిన ఇరవై పిక్సెళ్లు తీసుకొని వాటి సూచీ విలువలు చూసి, ఆ రెండు గుంపుల మధ్య హద్దు పెట్టండి. ఓట్సు పద్ధతి ఈ హద్దును తనంతట తానే వెతికి ఇస్తుంది. కానీ చిత్రంలో నీరు, ఇసుక రెండూ తగినంత ఉన్నప్పుడే అది సరిగా పనిచేస్తుంది. మే నెలలో నీరే లేని చిత్రానికి దాన్ని వాడితే తడి ఇసుకకూ పొడి ఇసుకకూ మధ్య గీత గీసి, తడి ఇసుకను నీరని చూపిస్తుంది. ఏడాది పొడుగునా ఒకే హద్దును వాడి, దాన్ని అటూ ఇటూ కొద్దిగా జరిపితే ఫలితం ఎంత మారుతున్నదో కూడా రాయండి.

రాడార్ మబ్బుల్లోంచి చూస్తుందట కదా, మరి అందులో నది అంతా నీరుగా ఎందుకు కనబడుతోంది?

సెంటినెల్-1 రాడార్ దాదాపు 5.6 సెంటీమీటర్ల తరంగాన్ని పక్కవాటుగా పంపి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తుంది. నునుపైన నీటి మీద పడిన తరంగం అద్దం మీద వెలుగులా అవతలికి జారిపోతుంది కనుక నీరు నల్లగా కనబడుతుంది. గాలికి చదునైన పొడి ఇసుక కూడా ఆ తరంగానికి నునుపే. అందుకే వరద నీటిని పట్టుకోవడంలో మేటి అయిన రాడార్, ఎండిన పెన్నాను చూసి నిండు నది అనుకుంటుంది. అక్టోబరు, నవంబరులలో మబ్బుల కింద వరద ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి రాడార్ వాడండి. ఫిబ్రవరి తరువాత దాన్ని ఒంటరిగా నమ్మవద్దు.

నీళ్ల మీద పచ్చగా పేరుకుపోయిన చోట ఏం చేయాలి?

గుర్రపుడెక్క, జమ్ము, నాచు కప్పిన మడుగు సూచీలో పొలంలా కనబడుతుంది. అటువంటి మడుగు ఊళ్ల మురుగు కలిసే చోట, ఆనకట్టల వెనుక ఎక్కువ. వానలు ఆగిన వెంటనే తీసిన చిత్రంలో నీరున్న చోటును గుర్తించి, తరువాతి నెలల్లో అక్కడ పచ్చదనం పెరిగితే దాన్ని “కప్పిన నీరు” అనే వేరే వర్గంలో ఉంచండి. ఏటి నడుమ మేటల మీద పెరిగిన సర్కారు తుమ్మ కూడా పచ్చగానే ఉంటుంది. అది నీరు కాదు, వరదకు కొట్టుకుపోకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది కనుక గుర్తుపట్టవచ్చు.

ఏప్రిల్‌లో ఇసుక మధ్య చిన్నచిన్న నీటి చుక్కలు వస్తున్నాయి. ఇవేమిటి?

చాలావరకు ఇసుక తీసిన గుంటల్లో ఊరిన నీరు. అంచులు తిన్నగా ఉండటం, దారి గీత గుంట దాకా రావడం, పోయిన ఏడాది చిత్రంలో లేకపోవడం వాటి గుర్తులు. వాటిని పారుదలలో కలిపితే ఎండిన నది తడిగా కనబడుతుంది, విడిగా లెక్కించాలి.

## లెక్క, కాలక్రమం

ఎండిన తేదీని ఎలా చెప్పాలి?

ఒక తేదీ చెప్పకూడదు, రెండు తేదీల నడిమి కాలం చెప్పాలి. ఫిబ్రవరి 10 చిత్రంలో నీరుండి, మధ్యలో మూడు చిత్రాలు మబ్బుకు పోయి, మార్చి 2న ఇసుక కనబడితే, నది “ఫిబ్రవరి 10కి, మార్చి 2కి మధ్య ఎండింది” అని రాయాలి. మధ్య తేదీ తీసుకొని ఫిబ్రవరి 20 అని రాసేవారు ఉన్నారు, అది లేని కచ్చితత్వాన్ని నటించడమే. వరుసగా రెండు నిర్మల చిత్రాల్లో నీరు లేకపోతేనే ఎండినట్టు లెక్కించడం మంచి నియమం. సంవత్సరాన్ని జనవరితో కాక జూన్ 1తో మొదలుపెట్టి మే 31తో ముగించాలి, లేకపోతే ఒకే ఎండాకాలపు కథ రెండు సంవత్సరాల్లో చీలిపోతుంది.

2022 ఫిబ్రవరి నుంచి నీరు హఠాత్తుగా తగ్గినట్టు వస్తోంది. నిజమేనా?

2021 నవంబరులో అంత వరద వచ్చిన తరువాతి ఫిబ్రవరి ఇది. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది ఆ నవంబరు 19నే. నాకూ మొదట ఇదే ఫలితం వచ్చింది. వరదకు ఇసుక మేట వేసి పాయలు పూడిపోయాయని దానికొక కథ కూడా అల్లి, నాలుగు పుటల నివేదిక రాసి, ఇద్దరికి పంపిన తరువాత గానీ అసలు సంగతి తెలియలేదు. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 చిత్రాల్లో ప్రతి పిక్సెల్ విలువకు 1000 అదనంగా కలుపుతున్నారు. దాన్ని తీసివేయకుండా సూచీ లెక్కిస్తే అన్ని విలువలూ సున్నా వైపు కుంచించుకుపోతాయి. 800, 400 విలువలున్న (ముందు చెప్పిన 0.08, 0.04 భాగాలను 10,000తో గుణించినవి) నీటి సూచీ 0.33 కావలసింది, 1800, 1400 అయి 0.125కు పడిపోతుంది. హద్దు 0.2 పెట్టుకున్న నా పటంలో నది అందుకే మాయమైంది. ఎర్త్ ఇంజిన్‌లో “హార్మొనైజ్డ్” అని పేరున్న సంపుటి వాడితే ఈ సవరణ ముందే జరిగి ఉంటుంది. ల్యాండ్‌శాట్ రెండవ సంపుటి చిత్రాల్లోనూ పిక్సెల్ విలువను 0.0000275తో గుణించి 0.2 తీసివేసిన తరువాతే సూచీ లెక్కించాలి.

మార్చిలో ఒక్క వాన లేదు, అయినా నది మళ్లీ తడిసింది. ఎలా?

పైనున్న జలాశయం నుంచి నీరు వదిలి ఉంటారు. సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. అక్కడ వదిలిన నీరు నదిలోనే నడిచి సంగం, నెల్లూరు దగ్గర కాలువల్లోకి మళ్లుతుంది. అంతేకాక పెన్నాలో కనబడేదంతా పెన్నా పరీవాహకంలో కురిసిన నీరు కాదు, శ్రీశైలం నుంచి కాలువల ద్వారా వచ్చిన కృష్ణా నీరు కూడా అందులో ఉంటుంది. కాబట్టి నీటి విస్తీర్ణాన్ని వానతో మాత్రమే పోల్చి సూత్రం కట్టకండి, జలాశయాల రోజువారీ విడుదల వివరాలను పక్కన పెట్టుకోండి. కట్టడాల తేదీలు కూడా గుర్తుంచుకోవాలి. సంగం, నెల్లూరు బ్యారేజీలు 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాయి. బ్యారేజీ వెనుక నిలిచిన నీరు ఆ తరువాతి సంవత్సరాల్లో పెరిగినట్టు కనబడితే అది మంచి వానల గుర్తు కాదు.

1990ల నాటి పెన్నాతో ఇప్పటిదాన్ని పోల్చవచ్చా?

ల్యాండ్‌శాట్‌తో పోల్చవచ్చు, జాగ్రత్తగా. ఇప్పటి 10 మీటర్ల పటాన్ని అప్పటి 30 మీటర్ల పటం పక్కన పెడితే ఇప్పుడే ఎక్కువ పాయలున్నట్టు కనబడుతుంది, అది పిక్సెల్ చేసే మాయ. రెండు కాలాలకూ 30 మీటర్ల చిత్రాలనే వాడాలి. 2003 మే తరువాతి ల్యాండ్‌శాట్-7 చిత్రాల్లో పరికరం చెడి నల్లటి చారలు పడ్డాయి, ఆ చారలు నదిని ముక్కలు చేస్తాయి. పాత సంవత్సరాల్లో చిత్రాలు తక్కువ కనుక, ఎన్ని నిర్మల చిత్రాల్లో ఎన్నిసార్లు నీరు కనబడిందో నిష్పత్తిగా చెప్పాలి. ఐరోపా సంయుక్త పరిశోధన కేంద్రం వారి ప్రపంచ ఉపరితల జల పటం 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఆధారంగా నెలవారీగా ఈ పని చేసి పెట్టింది. ఆరంభానికి అది చాలా బాగుంటుంది.

నీటి విస్తీర్ణం తెలిసింది కదా, ఎన్ని టీఎంసీలో చెప్పవచ్చా?

జలాశయానికి విస్తీర్ణాన్ని, నీటిమట్టాన్ని, నిల్వను కలిపే పట్టిక ఉంటుంది కనుక కొంతవరకు చెప్పవచ్చు. నదికి అటువంటి పట్టిక ఉండదు, వరద వచ్చినప్పుడల్లా ఇసుక అడుగు మారిపోతుంది. ప్రవాహం కావాలంటే చెన్నూరు, నెల్లూరు వంటి చోట్ల కేంద్ర జల సంఘం కొలిచిన అంకెలను చూడాలి.

## నేల మీద సరిచూడటం, ఫలితం చెప్పడం

నది దగ్గరకు వెళ్లి చూడక తప్పదా?

తప్పదు. కనీసం రెండుసార్లు, పాయ తెగకముందు ఒకసారి, తెగిన తరువాత ఒకసారి. సెంటినెల్-2, ల్యాండ్‌శాట్ రెండూ మన మీదుగా ఉదయం పదిన్నర, పదకొండు మధ్య పోతాయి. అవి వచ్చే తేదీ ముందే తెలుస్తుంది కనుక అదే రోజున వెళ్లండి. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకొని, నదికి అడ్డంగా ఒక గట్టు నుంచి మరో గట్టు దాకా నడుస్తూ, ప్రతి ఇరవై అడుగులకూ కింద ఏముందో రాయండి: పారే నీరు, నిలిచిన నీరు, తడి ఇసుక, పొడి ఇసుక, తుమ్మ. పొడి, తడి అని రెండు మాటలతో సరిపెట్టవద్దు. నీరుంటే వెడల్పు, లోతు కూడా రాయండి. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి, ఏప్రిల్‌లో పది దాటితే ఇసుక మీద కాలు నిలవదు.

నా పటానికి 97 శాతం కచ్చితత్వం వచ్చింది. ఇక చాలు కదా?

వేసవి నదిలో వెయ్యి చోట్లు చూస్తే 970 చోట్ల ఇసుకే ఉంటుందనుకోండి. నీరే లేదని చెప్పే ఖాళీ పటానికి కూడా 97 శాతం వస్తుంది. నీరున్న 30 చోట్లలో ఎన్నింటిని పట్టుకున్నారు, నీరని చెప్పినవాటిలో ఎన్ని నిజం అనే రెండు అంకెలు విడిగా చెప్పండి.

నదిని ఎండబెట్టినది ఇసుక తవ్వకాలే అని ఈ పటంతో నిరూపించవచ్చా?

ఎక్కడ, ఎప్పుడు నీరు తగ్గిందో పటం చూపుతుంది. గుంటలు ఏ నెలలో మొదలై ఎంత పెరిగాయో కూడా చూపుతుంది. ఆ రెండింటి మధ్య కారణ సంబంధాన్ని మాత్రం అది చూపలేదు. వాన లోటు, ఎగువ జలాశయాల్లో నిల్వ, గట్టు వెంట బోర్ల సంఖ్య, తవ్వకం ఇవన్నీ ఒకే కాలంలో కలిసి నడుస్తుంటాయి. ఫిర్యాదుతో జతచేయదలిస్తే చిత్రం తేదీ, ఉపగ్రహం పేరు, పిక్సెల్ పరిమాణం, వాడిన హద్దు రాసి, గుంటల పెరుగుదలను మాత్రమే వాస్తవంగా చెప్పండి. దాని మీద ఊహను ఎక్కిస్తే, అవతలివారు ఆ ఊహను కొట్టేసి పటాన్ని కూడా దానితో పాటే కొట్టేస్తారు.

ఇసుక కింద నీరు ఉందో లేదో ఉపగ్రహం చెప్పగలదా?

ఒక ఊరికి, ఒక రేవుకు పనికివచ్చేటంత వివరంగా చెప్పలేదు. భూమి ఆకర్షణలో తేడాలను కొలిచి భూగర్భజలాన్ని అంచనా వేసే గ్రేస్ ఉపగ్రహాల చూపు మూడు వందల కిలోమీటర్ల స్థాయిది. పెన్నా పరీవాహకం మొత్తమే 55 వేల చదరపు కిలోమీటర్లు, అంటే వాటికి అది ఒక్క గడి కన్నా చిన్నది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహంలో దాదాపు 24 సెంటీమీటర్ల పొడవైన ఎల్-బ్యాండు తరంగం ఉంది, పైపొర తేమను తెలుసుకోవడానికి అది సాయపడుతుంది. పొడి ఇసుకలోకి ఆ తరంగం కొంత దిగినా, కింద పారే ఊటను కొలవడం దాని పని కాదు.

ఆ కొలత కావాలంటే చెలమ దగ్గర కూర్చోవాలి. సూచీలో మైనస్ 0.23 చూపించే తెల్లటి ఇసుకలో మోచేతి లోతున గుంట తీస్తే, ముందు ఇసుక రంగు మారుతుంది, తరువాత అంచులు జారుతాయి, కాసేపటికి అడుగున అరచేయి అంత నీరు చేరుతుంది. మొదట బురదగా, రెండుసార్లు తోడి పోశాక తేటగా. జనవరిలో మోచేతి లోతున, మార్చిలో నడుము లోతున, మేలో ఎంత లోతున నీరు తగిలిందో ఒకే చోట, నెలకొకసారి, టేపుతో కొలిచి తేదీతో రాసిపెట్టండి. ఉపగ్రహ పటం ఇసుకను చూపే నెలలన్నింటికీ మీ దగ్గర ఉండే వరుస అదే.